ఏటొచ్చింది

విశాఖ నుంచి ఆర్టీసీ కార్గోలో
మధ్యాహ్నం రావాల్సిన థర్మాకోల్ పెట్టె
రాత్రి దిగింది శ్రీకాకుళంలో.
విప్పితే ఐసంతా నీళ్లు.
నీళ్లడుగున చిటికెనవేలి కణుపంత గొట్టం,
అందులో కంటి చుక్కలమందైతే రెండు బొట్లు.
వెల, నా రెండు నెలల జీతం.

ఎక్కడో ఒక కుందేలు
తనకే సంబంధమూ లేని మనిషి పేగు తునకని
పగవాడనుకుని
నెత్తుట్లో నేర్చుకున్న ఒకే ఒక్క మాట అది.
కుందేలుకి పేరుండదు.
లేబుల్ మీద లాట్ నంబరుంది,
అదీ తడికి అలికేసింది.

ఏటి పట్టుకుంతాదే అది, అంది అమ్మ ఫోన్లో.
నౌపడ ఉప్పుమళ్లల్లో ముప్ఫయ్యేళ్లు పలక లాగిన మనిషికి
గ్వానిలేట్ సైక్లేజ్ అని ఎలా చెప్పను?
పేగు గోడకి మదుం లాంటిదమ్మా, అన్నాను.
పైనుంచి ఒకరు తడతారు, లోపల తెరుచుకుంటుంది.
ఉప్పు కదుల్తుంది, ఉప్పు వెనక నీళ్లు.

"దొంగోడు తడితేనో?"

అమ్మకి తెలుసు.
తుపానుకి బోరు మునిగిన ఏడు
చిన్నోడి మదుం ఎవడో తట్టేడు.
తెల్లార్లూ మూతపడలేదు.
గోనెలకి గోనెలు ఉప్పున్న ఇంట్లో
గ్లాసుడు నీళ్లలో చిటికెడు వెయ్యాలని
ఎవరికీ తెలీలేదు.

ఫోన్లో కాసేపు మళ్ల మీది గాలి.

బ్లాకు నాలుగొందల పన్నెండు.
సూరాడ ఎర్రన్న, యాభైమూడు, మగ.
పెద్దపేగుది ఒక ముక్క,
దాని పక్కది సెనగ్గింజంత లింఫు గ్రంథి.
మైనంలో పోత పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి
గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి
గాజుపలక మీదికి ఎత్తుకున్నాను.

మొదటిసారి ఏ రంగూ రాలేదు.
సరిచూసుకోడానికి పెట్టిన మంచి పేగులో కూడా.
దారిలోనే చచ్చిపోయిందనుకున్నాను ఆ రెండు బొట్లూ.
బఫరు పీహెచ్ చూశావా, అన్నారు మేడం.
చూళ్లేదు. మీటరు బ్యాటరీ అయిపోయి వారం.

రెండోసారి బఫరు కొత్తగా కలిపి
ఇంటి నుంచి తెచ్చిన కుక్కర్లో పలకల్ని ఉడకబెట్టి
ఒకటికి రెండొందల పాలు పల్చన చేసి
రాత్రంతా ఫ్రిజ్జులో, నాలుగు డిగ్రీల చలిలో.
కరెంటు రెండుసార్లు పోయింది.
రెండుసార్లూ జనరేటరు కోసం వాచ్‌మన్ని లేపాను.
మూడోసారి పోతుందని మేలుకునే ఉన్నాను,
పోలేదు.

పొద్దున్న
మంచి పేగు అంచు పొడుగునా
పలాస బట్టీలో కాలిన జీడిపిక్క రంగు.
బతికే ఉంది నా కుందేలు మాట.

గ్రంథి పలక పెట్టాను.
నీలం. పలకని జరుపుతున్నకొద్దీ నీలమే.
తోటకూర గింజలు చల్లినట్టు ఉండాల్సినవాళ్లే ఉన్నారు.
టీ తాగొద్దామని లేవబోతూ
ఒక మూల,
మూడు.
ఒకదాన్నొకటి ఆనుకుని
జీడిపిక్క రంగులో.

మొన్న కిటికీ దగ్గర ఎర్రన్న అన్నాడు,
"యేరావల్లో పది సీజన్లు సేసేనమ్మా.
బోటు మీద అందరం ఒకలాగే ఉంతాం,
ఎండకి మాడి, ఉప్పెక్కిపోయి.
నోరిప్పీ దాకా ఎవుడు ఏ ఊరోడో తెల్దు."

మేడం చూశారు. కళ్లద్దాలు తీసి
తుడుచుకుని మళ్లీ చూశారు.
రిపోర్టులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం.
సంతకం ఆవిడది, టైపు నాది.

బయటికొస్తే
నేరేడుపళ్ల పొట్లం చేతిలో పట్టుకుని నిలబడున్నాడు.
"ఏటొచ్చిందమ్మా?"

మేడంగారు చెప్తారండీ, అన్నాను.
పుస్తకంలో మాటల్లాగే పలికాననుకున్నాను,
కాలేజీ రోజుల్నుంచీ అలాగే అలవాటు చేసుకున్నాను.
పొట్లం నావైపు చాపుతూ
తల కొంచెం వాల్చి
విన్నాడు.

"మీది నౌపడ పక్కా?"